దంతం వేరు

ఏనుగు నేలకొరిగిన క్షణంలో, నాకు తెలియకుండానే రిమోట్ నొక్కి సినిమాను ఆపేశాను. 2019లో వచ్చిన ‘జంగ్లీ’ని ఈ మధ్యాహ్నం కేవలం విద్యుత్ జమ్వాల్ పోరాటాల కోసమే పెట్టుకున్నాను, కథానాయకుడు పశువైద్యుడన్న సంగతి కూడా చూస్తుండగానే తెలిసింది.

దంతం చెట్టుకొమ్మలా కోసుకుపోయే వస్తువు కాదు. దానిలో దాదాపు మూడోవంతు పుర్రె లోపల పాతుకుని ఉంటుంది కాబట్టి, వేటగాళ్ళు దాన్ని మొదలంటా పెకలించాలంటే ముఖాన్నే చీల్చాలి. ఈ విషయం ఎప్పుడో చదివి మరచిపోయాను గానీ, ఆగిపోయిన తెర ముందు కూర్చున్నప్పుడు అదొక్కటే గుర్తుకు వచ్చింది.

మన ఏనుగుల్లో పెద్ద దంతాలు మగవాటికే ఉంటాయి, మగవాటిలోనూ దంతాలు లేని మఖ్నాలు కొన్ని ఉంటాయి. అందువల్ల వేట గుంపులోంచి మగవాటినే ఏరి తీసుకుపోతుంది. కేరళలోని పెరియార్ అడవుల్లో ఒకప్పుడు ఆడ ఏనుగులతో పోలిస్తే మగవి దారుణంగా తగ్గిపోవడానికి కారణం అదే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉన్నా, 1986లో దేశీయ దంతపు వ్యాపారాన్ని నిషేధించినా, తుపాకీ పట్టినవాడు అడవిలోకి వెళ్ళడం మానలేదు.

సినిమాగా చూస్తే కథ పాతదే, విలన్లు మరీ అమాయకంగా దెబ్బలు తింటారు. అతుల్ కులకర్ణి వేటగాడిగా కనిపించినప్పుడు మాత్రం నిజంగానే భయం వేసింది.

కాసేపటికి మళ్ళీ నడిపించాను. హీరో గాలిలోకి ఎగిరి తన్నుతున్నాడు, నేను మాత్రం వెనకనున్న ఏనుగుల దంతాలనే లెక్కపెడుతూ కూర్చున్నాను.