మా అమ్మ పలక, మా అమ్మాయి మూడు నిమిషాలు

2022 నవంబరులో ఒక మంగళవారం సాయంత్రం మా అమ్మాయిని మేముంటున్న ఊళ్ళో బడుల వ్యవహారాలు చూసే స్కూల్ బోర్డు సమావేశానికి తీసుకువెళ్ళాను. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో అదొక చిన్న ఊరు. అమ్మాయికి అప్పుడు పదమూడేళ్ళు. గుమ్మం దగ్గర దించేసి గంట తర్వాత వచ్చి తీసుకువెళ్దామనుకున్నాను కాని, పిల్లల వెంట పెద్దవాళ్ళు ఒకరుండాలని చెప్పడంతో లోపలికి వెళ్ళి చివరి వరుసలో కూర్చున్నాను. ఆ ఊళ్ళో కాపురం పెట్టి పదకొండేళ్ళు దాటినా నేను ఆ గదిలో అడుగుపెట్టడం అదే మొదటిసారి.

అక్కడ ఎవరైనా లేచి తమ మాట చెప్పుకోవచ్చు. మనిషికి మూడు నిమిషాలు ఇస్తారు. కరోనా కాలంలో అమెరికా బడుల్లో పిల్లలందరికీ ఉచితంగా భోజనం పెట్టే ఏర్పాటు ఆ ఏడాది జూన్ నెలాఖరుతో ముగిసిపోయింది. సెప్టెంబరులో బడులు తెరిచేసరికి, డబ్బు కట్టలేని ఇళ్ళ పిల్లల పేర్ల మీద భోజనం బాకీలు మళ్ళీ మొదలయ్యాయి. తన పక్కన కూర్చునే పిల్ల నెల రోజులుగా ఆకలి లేదంటూ నీళ్ళు తాగి లేచిపోతోందని, అసలు సంగతి బాకీ అని తనకు చాలా ఆలస్యంగా తెలిసిందని మా అమ్మాయి చెప్పింది. కాగితం పట్టుకున్న చెయ్యి వణుకుతుంటే రెండో చేత్తో ఆ మణికట్టును గట్టిగా పట్టుకుని చివరిదాకా చదివింది. ఎందరో తల్లిదండ్రులు, టీచర్లు ఇలాగే అడగగా అడగగా 2023 మార్చిలో ఆ రాష్ట్రం పిల్లలందరికీ బడిలో ఉదయం ఫలహారం, మధ్యాహ్న భోజనం ఉచితం చేస్తూ చట్టం తెచ్చింది.

ఆ రాత్రి కారులో అమ్మాయి, “అమ్మా, నువ్వెప్పుడైనా ఇలా నలుగురిలో లేచి అడిగావా?” అంది. లేదన్నాను. “మరి అమ్మమ్మ?” అంది. నాకు వెంటనే జవాబు రాలేదు. అమ్మమ్మ అడిగింది. ఆ సంగతిని పదమూడేళ్ళుగా నేను నా బిడ్డకు చెప్పలేదు.

మన సంస్కృతి మరిచిపోకూడదని నేను పడిన తపన తక్కువది కాదు. శనివారం తెలుగు తరగతి, సంక్రాంతికి భోగిపళ్ళు, ఉగాది పచ్చడి, సంగీతం పాఠాలు, ఏటా ఊరికి ప్రయాణం, ఇవన్నీ శ్రద్ధగానే చేశాను. వాటన్నిటిలోనూ నేను ఏరి పెట్టుకున్నది పండుగల సంస్కృతి. పదిమంది ఆడవాళ్ళు ఒకచోట కూర్చుని ఇది న్యాయం కాదని తేల్చుకుని వీధిలోకి వచ్చే సంస్కృతి కూడా నేను పుట్టిన నేలదే. దాన్ని మాత్రం అక్కడే వదిలేసి విమానమెక్కాను. వదిలేయడానికి కారణం కూడా నాకు తెలుసు. మా నాన్న తాగేవాడు. అమ్మ పోరాటం గురించి చెప్పాలంటే ముందు ఆ మాట చెప్పాలి.

మాది నెల్లూరు జిల్లా కలిగిరి మండలంలో ఒక పల్లె. సారా వ్యతిరేక ఉద్యమానికి పేరుపడ్డ దూబగుంట మా మండలంలోదే. 1991 జనవరిలో జిల్లాలో అక్షరదీపం అనే వయోజన అక్షరాస్యత కార్యక్రమం మొదలైనప్పుడు అమ్మకు ముప్పై ఆరేళ్ళు, నాకు పదకొండు. పొద్దంతా కూలి చేసి, వంట ముగించి, రాత్రి ఎనిమిది దాటాక రామమందిరం అరుగు మీద లాంతరు చుట్టూ కూర్చునే ఆడవాళ్ళలో అమ్మ ఒకతె. నా పాత పలకే తీసుకుపోయేది. చెక్క చట్రం ఒక మూల ఊడిపోతే గుడ్డపీలికతో బిగించి కట్టింది. పొగాకును వేడి పెట్టి ఆరబెట్టే బ్యారన్ దగ్గర ఆకు అల్లి వచ్చిన రోజుల్లో ఆమె వేళ్ళకు నల్లటి జిగురు అంటుకుని ఉండేది, ఎంత రుద్దినా పోయేది కాదు. పొద్దున నేను ఆ పలక తీసి చూస్తే వంకర అక్షరాల పక్కన ఆమె వేలిముద్రలు ఉండేవి. అప్పటిదాకా ఏ కాగితం మీదైనా అమ్మ పెట్టింది ఆ ముద్రలే.

చదువులో సీతమ్మ కథ అనే పాఠం వచ్చింది. మొగుడి తాగుడుకు బలైన ఆడమనిషి కథ అది. చదివిన ప్రతి పల్లెలోనూ ఆడవాళ్ళు ఇది మా ఇంటి కథేనన్నారు. దూబగుంటలో వర్ధినేని రోసమ్మ, ఆమె తోటివాళ్ళు సారా అంగడిని మూయించారు. ఆ కథే మళ్ళీ ఆడవాళ్ళు ఏకమైతే అన్న పాఠమై మిగిలిన పల్లెలకు చేరింది. చదువుకోవడానికి కూర్చున్నవాళ్ళ కథే వాళ్ళకు పాఠంగా తిరిగి రావడం నాకిప్పటికీ ఒళ్ళు గగుర్పొడిచే సంగతి. 1992లో సారా వేలంపాటలను జిల్లా ఆడవాళ్ళు పదేపదే అడ్డుకున్నారు. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలోనూ, ఆ ఏడాదే అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం అమలులోకి వచ్చింది. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో సడలించారు కనుక ఆ ఉద్యమం ఓడిపోయిందని కొందరంటారు. నేను ఒప్పుకోను. సారాకు పోయే డబ్బు మిగిలినప్పుడు రోజుకొక రూపాయి చొప్పున దాచుకోమంటూ మా జిల్లాలో మొదలైన పొదుపులక్ష్మి సంఘాల్లో చేరిన ఆడవాళ్ళు ఇప్పటికీ నెలనెలా కూర్చుంటూనే ఉన్నారు. లాంతరు దగ్గర కూర్చునే అలవాటు లేకపోతే ఆ సంఘాలు నిలబడేవి కావు.

2023లో అమెరికా బడుల వేసవి సెలవుల్లో ఊరికి వెళ్ళినప్పుడు ఇదంతా అమ్మాయికి నేను చెప్పకుండా అమ్మ చేతే చెప్పించాను. సారా అంగడి ముందు వంతులు వేసుకుని కాపలా కూర్చున్న రోజుల గురించి అమ్మాయి తన కూడబలుక్కునే తెలుగులో అడిగింది.

“భయం వేయలేదా అమ్మమ్మా?”

“ఎందుకెయ్యదమ్మీ? ఆ పూట నా వంతు. పొయ్యి మీద ఎసరు పెట్టి, పెద్ద పాపకు చెప్పి పోయినా. అంగడికాడికి వచ్చినోళ్ళలో మీ తాత గూడా ఉండె. నన్ను జూసి మాట్లాడకుండా ఎనక్కి మళ్ళుకున్నాడు.”

ఆ పెద్ద పాపను నేనే. ఎసరు మరిగి పొంగిపోవడం నాకు గుర్తుంది. ముప్పై ఏళ్ళు సిగ్గుగా దాచుకున్న సంగతిని అమ్మ మనవరాలి ముందు అంత మామూలుగా చెబుతుంటే, నేను లేచి మంచినీళ్ళ నెపంతో లోపలికి వెళ్ళాను.

మర్నాడు అమ్మమ్మా మనవరాలూ ఊరి బడికి వెళ్ళారు, వాళ్ళ వెనకే నేను. బడిలో వండే ఆమె అమ్మ పొదుపు సంఘంలోని మనిషే. సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఇచ్చిన ఉత్తర్వుల తర్వాత మన రాష్ట్రంలో 2003 నుంచి ప్రభుత్వ బడుల్లో వండిన అన్నం పెడుతున్నారు. పిల్లలు వరుసగా పళ్ళేలు పట్టుకుని వచ్చి పెట్టించుకుపోతుంటే మా అమ్మాయి కాసేపు చూసి, ఇక్కడ ఎవరి పేరు మీదా బాకీ ఉండదా అని అడిగింది. “పిల్లల మీద బాకీ యాడుంటదమ్మా, నా మీదే అంగట్లో ఉండాది” అందామె. బిల్లులు నెలల తరబడి రాకపోతే పప్పు, నూనె, కూరగాయలు అప్పుకు తెచ్చి వండుతుందట. అమెరికాలో పుట్టిన పిల్లకు, ఇండియా అంటే మనం సాయం చేయవలసిన చోటు అన్న ఊహ తెలియకుండానే పడిపోతుంది. ఆ ఊహను పెంచింది నాలాంటి తల్లిదండ్రులమే. తను బోర్డు ముందు నిలబడి అడిగినది అమ్మమ్మ ఊళ్ళో ఇరవయ్యేళ్ళుగా అమలులో ఉందని, అది అమలు కావడానికి ఒక పేద మనిషి తన పేరు మీద అప్పు మోస్తోందని మా అమ్మాయి ఆ పూట బడి వరండాలో తెలుసుకుంది.

మావారి ఊరి సంగతి వేరు. ఆయనది కనిగిరి వైపు, అప్పట్లో ప్రకాశం జిల్లా. అక్కడి భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ సమస్య తరతరాలది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన నీళ్ళు తాగడానికి పనికిరావని ప్రమాణాలు చెబుతాయి. కాచినా ఫ్లోరైడ్ పోదు. పళ్ళ మీద గోధుమరంగు చారలు, నలభై దాటకముందే వంగిపోయే నడుములు ఆయన చిన్ననాటి నుంచీ చూస్తూ పెరిగినవే. 2016లో ఆయనా, అమెరికాలో ఉన్న ముగ్గురు స్నేహితులూ డబ్బు వేసుకుని ఊళ్ళో ఒక వాటర్ ప్లాంటు పెట్టించారు. ప్రారంభోత్సవానికి పూలదండలు, ఫొటోలు అన్నీ అయ్యాయి. రెండేళ్ళు తిరగకముందే నీళ్ళను వడగట్టే మెంబ్రేన్ పాడైంది. మార్చడానికి డబ్బు ఎవరిది, తాళం ఎవరి దగ్గర ఉండాలి అన్నది ఎవరికీ అప్పగించలేదు కనుక తలుపు మూతబడింది.

అంతకంటే పెద్ద తప్పు ఒకటుంది. దాన్ని మా అమ్మాయి కనిపెట్టింది. ఆ 2023 ప్రయాణంలోనే, ఖాళీగా పడి ఉన్న ప్లాంటు గది చూసి, ఎస్సీ కాలనీ వాళ్ళు నీళ్ళకు ఇంత దూరం రావాలా అని అడిగింది. ప్లాంటు పెట్టినది పెద్దవీధిలో. కాలనీ రోడ్డుకు అవతల, ఊరి చివర ఉంది. స్థలం ఎవరిచ్చారు, ఎందుకు అక్కడే ఇచ్చారు అని మావారు ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఆలోచించలేదని ఆ సాయంత్రం ఒప్పుకున్నారు. అప్పటి ప్రకాశం జిల్లాలోనే ఉన్న కారంచేడులో చెరువు నీళ్ళ దగ్గర మొదలైన వివాదం 1985 జులై 17న ఆరుగురు దళితుల హత్య దాకా వెళ్ళిందని, తనప్పుడు హైస్కూలు పిల్లవాడినని, ఇళ్ళల్లో గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్ళని ఆయన కూతురికి చెప్పారు. అమెరికాలో నల్లవాళ్ళకు జరిగే అన్యాయం గురించి పిల్లలు మాట్లాడితే మెచ్చుకుంటాం. మన ఊరి వీధుల హద్దుల గురించి అడిగితే మాత్రం మాట మారుస్తాం. ఆ మాట మార్చడాన్ని పిల్లలు ఇట్టే పసిగడతారు. పొట్టి శ్రీరాములును మనం ఆంధ్ర రాష్ట్రం కోసం ప్రాణమిచ్చిన మనిషిగానే పరిచయం చేస్తాం కాని, నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితులను రానివ్వాలని 1946లో ఆయన చేసిన నిరాహారదీక్షను ఎందరు పిల్లలకు చెప్పాం?

రెండోసారి పద్ధతి మార్చారు. కాలనీకీ ఊరికీ మధ్యనున్న బడి ఆవరణలోకి యంత్రం మారింది. రెండు వైపులా ఉన్న పొదుపు సంఘాల ఆడవాళ్ళు కలిసి బాధ్యత తీసుకున్నారు. క్యానుకు ఇంత అని వాళ్ళే ధర పెట్టి, వచ్చినదానిలో కొంత మెంబ్రేన్ కోసం విడిగా దాస్తున్నారు. మేము పంపిన డబ్బు మొదటిసారి కన్నా తక్కువే. అడగవలసిన మనుషులను ముందుగా అడిగాం, అంతే తేడా. ఊరికి స్వాగత ద్వారం కట్టించాలని, గుడికి గోపురం వేయించాలని ఉత్సాహపడే స్నేహితులకు నేనిప్పుడు ఈ కథ చెప్పి, అక్కడ ఇప్పటికే పనిచేస్తున్నవాళ్ళెవరో ముందు వెతకమంటున్నాను.

డబ్బు పంపడంలో ఒక మెలిక ఉంది, చాలామందికి తెలియదు. భారత పౌరసత్వం ఉన్న ప్రవాసి తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా స్వచ్ఛంద సంస్థకు ఇస్తే అది విదేశీ విరాళం కిందికి రాదు. వేరే దేశపు పౌరసత్వం తీసుకున్నాక, అలాంటివాళ్ళకు భారత ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే అవుతుంది. దాన్ని స్వీకరించడానికి ఆ సంస్థకు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద అనుమతి ఉండాలి. సమాచార హక్కు దరఖాస్తు కూడా పౌరులే పెట్టగలరు. బడి వంట బిల్లుల సంగతి మేము అమెరికా నుంచి అడగబోతే, అమ్మ ఆపి, తానే పెడతానంది. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో దానికి రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. సంఘంలోని ఒకామె కొడుకు, ఎనిమిదో తరగతి పిల్లవాడు, దరఖాస్తు రాశాడు. కింద అమ్మ సంతకం పెట్టింది. ముప్పై రోజుల్లో జవాబు వచ్చింది. డబ్బు ఇంకో రెండు నెలలకు వచ్చింది.

తిరిగి వచ్చాక నేను మా ఊరి ఆహార పంపిణీ కేంద్రంలో శనివారాలు పనిచేయడం మొదలుపెట్టాను. తెలుగు తరగతి గంట వెనక్కి జరిగింది. తరగతికి వచ్చే మరో రెండు కుటుంబాలు కూడా ఇప్పుడు అక్కడికి వస్తున్నాయి. పప్పులు, బియ్యం సంచుల్లో నింపుతూ పిల్లలు తెలుగులో లెక్కపెట్టుకుంటారు. స్కూల్ బోర్డు సమావేశాలకు నేను, అమ్మాయి నెలకొకసారి వెళ్తున్నాం. నేనింకా లేచి మాట్లాడలేదు. వచ్చే నెల బస్సు దారుల విషయం వస్తోంది, దానికోసం ఒక కాగితం రాసి పెట్టుకున్నాను.

ఆదివారం రాత్రి, అమ్మకు అప్పుడు సోమవారం పొద్దున, ఫోను చేస్తాం. తిన్నారా, చలెట్లా ఉండాది అని అడిగాక ఆమె ఆగదు. “ఈ నెల మీటింగుకి పోయినారా?” అంటుంది. పోయామంటే, ఎంతమంది వచ్చారో అడుగుతుంది.