తలుపు దగ్గర పెట్టిన సంతకం

గురువారం. పొద్దున పాపకి లంచ్ బాక్సులో నిమ్మకాయ పులిహోర పెట్టి, జడ వేసి, బస్సు ఎక్కించి వచ్చాను. అమ్మ అప్పటికే వాకింగ్ ముగించుకుని వచ్చి కాఫీ కలుపుతోంది. తెనాలి నుంచి మా దగ్గరికి, న్యూజెర్సీకి వచ్చి నెల దాటింది. మా ఇళ్ల వెనక వాననీళ్లు నిలిచే చిన్న కుంట ఉంది. దాని చుట్టూ రోజూ మూడుసార్లు తిరిగి వస్తుంది.

పదకొండుకి ఆఫీసు కాల్‌లో ఉండగా బెల్ మోగింది. ఏదో పార్సెల్ అయ్యుంటుందని లేవలేదు. రెండోసారి మోగాక అమ్మే వెళ్లి తీసింది. "అమ్మాయ్, పోలీసులే!" అని అక్కడి నుంచే కేక వేసింది. నా కాళ్లు చల్లబడిపోయాయి. మా ఆయన రూట్ 1 హైవే మీద కారులో వెళ్తారు. ముందు ఆ ఆలోచనే వచ్చింది.

అది కాదు. ఆ ఆఫీసర్ చాలా నెమ్మదిగా మాట్లాడాడు. మేగన్ చట్టం కింద నోటీసు ఇవ్వడానికి వచ్చానన్నాడు. ఒక కాగితం నా చేతికిచ్చి, అందినట్టు ఇంకో కాగితం మీద సంతకం పెట్టమన్నాడు. పిల్లల మీద లైంగిక నేరం చేసి, శిక్ష అనుభవించి బయటికొచ్చిన మనిషి మా చుట్టుపక్కల ఇంట్లో ఉంటున్నాడు. కాగితంలో అతని ఫోటో, పేరు, ఇంటి అడ్రసు, చేసిన నేరం, కారు నంబరు, అన్నీ ఉన్నాయి. ఇంట్లోవాళ్లకీ, పిల్లల్ని చూసుకునేవాళ్లకీ చెప్పుకోవచ్చట. అంతకుమించి ఎవరికీ పంచకూడదట. అతని జోలికి వెళ్లినా, బెదిరించినా నేరం మనదవుతుంది. ఇదంతా ఆ ఆఫీసర్ నిదానంగా చెప్పి, అర్థమైందా అని రెండుసార్లు అడిగి వెళ్లిపోయాడు.

అందుకే అతను ఎవరో, ఏ ఇల్లో ఇక్కడ కూడా రాయను. పోయిన హాలోవీన్‌కి పాప చాక్లెట్ల కోసం తలుపు తట్టిన ఇళ్లలో అది కూడా ఉందని మాత్రం రాసుకుంటాను. ఆ తర్వాత నేను కాల్‌లోకి తిరిగి వెళ్లాను. ఎవరేం మాట్లాడారో ఒక్క ముక్క గుర్తు లేదు.

న్యూజెర్సీకి వచ్చి తొమ్మిదేళ్లయింది. ఈ చట్టం పేరు వినడమే కానీ పుట్టుపూర్వోత్తరాలు ఎప్పుడూ చదవలేదు. మధ్యాహ్నం తిండి కూడా సరిగ్గా తినకుండా కూర్చుని చదివాను. పోయిన శనివారం అమ్మని రాబిన్స్‌విల్ అక్షరధామ్‌కి తీసుకెళ్లాం కదా, దాని పక్కనే ఉన్న ఊరు హామిల్టన్. 1994 జూలై 29న అక్కడ మేగన్ కాంకా అనే ఏడేళ్ల పాపని, ఎదురింట్లో ఉండే మనిషి కుక్కపిల్లని చూపిస్తానని పిలిచి, అత్యాచారం చేసి చంపేశాడు. అంతకుముందే చిన్నపిల్లల మీద నేరాలకి రెండుసార్లు శిక్ష పడినవాడు. అలాంటి నేరాలవాళ్లే ఇంకో ఇద్దరు అదే ఇంట్లో ఉండేవాళ్లు. వీధిలో ఆ పాప అమ్మానాన్నలకి ఆ సంగతే తెలియదు.

ఏడేళ్లు. మా పాపకి మొన్న ఫిబ్రవరిలో ఏడు నిండాయి. కుక్కపిల్ల అంటే పరుగెత్తుకు వెళ్తుంది.

ఇంకో సంగతి చదివి చాలాసేపు కదల్లేకపోయాను. ఆ మనిషి అంతకుముందు శిక్ష అనుభవించింది ఎవనెల్‌లో. ఇలాంటి నేరస్తుల కోసమే అక్కడ ప్రత్యేకంగా జైలు ఉంది, చికిత్స కూడా అందులోనే. ఎవనెల్ ఎక్కడో కాదు, పండగొస్తే మనం బట్టలకీ స్వీట్లకీ వెళ్లే ఓక్ ట్రీ రోడ్డుకి కొన్ని మైళ్ల దూరం. ఆ చుట్టుపక్కల ఎన్నిసార్లు తిరిగామో, అక్కడ అలాంటిది ఉందని ఎవరూ అనగా వినలేదు.

మాకు తెలిసి ఉంటే మా పాప బతికుండేది అని ఆ అమ్మానాన్నలు ఊరూరా తిరిగి సంతకాలు పోగు చేశారు. మూడు నెలలు తిరిగేసరికి, 1994 అక్టోబర్ 31న న్యూజెర్సీలో చట్టం వచ్చింది. అది హాలోవీన్ రోజు. 1996లో దేశమంతటికీ వచ్చింది. ఆ హంతకుడికి 1997లో మరణశిక్ష వేశారు. 2007లో ఈ రాష్ట్రం మరణశిక్షనే తీసేయడంతో, ఇక బయటికి రాకుండా యావజ్జీవంగా మార్చారు. అతనున్న ఇంటిని పడగొట్టి ఆ స్థలంలో పార్కు కట్టారు.

చట్టం ఎలా నడుస్తుందో కూడా ఈ రోజే తెలుసుకున్నాను. బయటికొచ్చినవాళ్లందరి ఇంటి అడ్రసూ వీధికి చెప్పరు. మళ్లీ నేరం చేసే ప్రమాదం ఎంతుందో లెక్కగట్టి మూడు తరగతులుగా విడదీస్తారు. తక్కువ అనుకుంటే పోలీసులకి మాత్రమే తెలుస్తుంది. మధ్యస్థం అయితే స్కూళ్లకీ, పిల్లలుండే సంస్థలకీ చెబుతారు. ఎక్కువైతే మా ఇంటికొచ్చినట్టు ఇల్లిల్లూ తిరిగి చెబుతారు. ఆ మనిషికి కోర్టులో తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలని 1995లో రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అంటే ఆ కాగితం మా తలుపు దాకా రావడానికి ముందు కోర్టు దాన్ని చూసింది. నాకు ఆ మాట కొంచెం ధైర్యాన్నిచ్చింది. అదే సమయంలో, అంతా చూసి కూడా ప్రమాదం ఎక్కువే అని తేల్చారన్నమాట అనిపించి భయమూ పెరిగింది.

సాయంత్రం బస్టాపు దగ్గర నలుగురు అమ్మలం నిలబడ్డాం. ఎవరూ ఏమీ అనలేదు. అందరి మొహాల్లోనూ అదే. చివరికి పక్క వీధిలో ఉండే కరీంనగర్ అక్క నా పక్కకొచ్చి "మీకూ వచ్చిందా?" అంది. తలూపాను. "ఫోటో గ్రూపులో పెడదామా? మనవాళ్లందరికీ తెలియాలి కదా. అందరం కలిసి పోయి ఇల్లు ఖాళీ చేయమందాం" అంది. ఆవిడకి ఇద్దరు ఆడపిల్లలు. ఆవిడ గొంతు వణుకుతోంది. నా మనసులోనూ సరిగ్గా అదే మాట ఉంది, కాదనను. ఫోన్ చేతిలోనే ఉంది.

వద్దక్కా అన్నాను. సంతకం పెట్టామని ఒక్కటే కాదు. అతన్ని ఇక్కడి నుంచి తరిమితే ఎక్కడికి పోతాడు? ఇంకో వీధికి. అక్కడ కాగితం అందేలోపు ఇంకెవరి పాపో బస్సు దిగుతూ ఉంటుంది. ఫ్లోరిడాలో మయామీ దగ్గర స్కూళ్లకి 2,500 అడుగుల లోపల ఇలాంటివాళ్లు ఉండకూడదని రూలు పెడితే, ఉండడానికి చోటు దొరక్క పదుల మంది వంతెన కింద గుడారాలు వేసుకుని బతికారు. 2010 దాకా అలాగే ఉన్నారు. ఇల్లూ పనీ లేని మనిషి మీద పోలీసుల నిఘా ఏం నిలుస్తుంది? న్యూజెర్సీలో ఊళ్లు సొంతంగా పెట్టుకున్న అలాంటి రూళ్లని 2009లో రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇవన్నీ అక్కకి చెప్పాను. "నువ్వు చెప్పేది బుర్రకి ఎక్కుతోంది, కడుపుకి ఎక్కట్లేదు" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఇంతలో బస్సు వచ్చింది.

రాత్రి వంట చేస్తూ అమ్మకి కాగితం సంగతంతా చెప్పాను. అమ్మకి కోపం వచ్చింది. "అట్లాంటోణ్ణి వదిలిపెట్టి, పైగా మనల్ని జాగ్రత్తగా ఉండమంటారా? శంషాబాద్ దగ్గర ఆ డాక్టరమ్మాయిని చంపినవాళ్లని ఏం చేశారో చూశావుగా" అంది.

చూశాను. 2019 డిసెంబర్‌లో చటాన్‌పల్లి వంతెన దగ్గర పోలీసుల మీద పూలు చల్లిన వీడియో నేనూ నలుగురికి పంపాను. పోలీసులు కాల్చి చంపిన ఆ నలుగురు నిందితులూ అప్పటికి ఏ జడ్జి ముందూ విచారణకి నిలబడలేదు. పోలీసులు చంపాలనే కాల్చారని సుప్రీంకోర్టు వేసిన కమిషన్ 2022లో తేల్చింది. ఆ రోజు ఆ వీడియో పంపినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. ఆ అమ్మాయికి జరిగినదానికి ఈ దేశంలో కూర్చుని రెండు రాత్రులు ఏడ్చాను, అదీ నిజం. అమ్మకి ఇది చెబితే "నీకు ఆడపిల్ల ఉంది, గుర్తు పెట్టుకో" అంది.

మన దగ్గర, ఇండియాలో కూడా 2018 సెప్టెంబర్‌లో లైంగిక నేరస్తుల జాబితా మొదలుపెట్టారు. దేశం మొత్తానికీ ఒకటే. కానీ దాన్ని పోలీసులు, దర్యాప్తు సంస్థలు మాత్రమే చూడగలవు. మామూలు మనిషికి కనపడదు. పోనీ కనపడినా ఎంత ఉపయోగం? అత్యాచారం కేసుల్లో పదింటికి తొమ్మిదికి పైగా నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే అని జాతీయ నేర గణాంకాలు ఏటా చెబుతున్నాయి. ఈ మేగన్ చట్టం మీద కూడా 2008లో న్యూజెర్సీలోనే అధ్యయనం చేసి, దీనివల్ల మళ్లీ నేరాలు చేయడం తగ్గినట్టు కనపడలేదన్నారు. అది చదివాక ఇక ఈ కాగితం ఎందుకు అనిపించాలి. నాకు అలా అనిపించలేదు. నాకు ఈ కాగితం కావాలి. ఎందుకో అమ్మతో మాట్లాడుతుంటేనే తెలిసింది.

తెనాలిలో మా వీధి చివర ఒక ట్యూషన్ మాస్టారు ఉండేవాడు. నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు అమ్మ నన్ను అక్కడ మానిపించింది. ఎందుకని అడిగితే "ఊరికే" అంది. మా వీధిలో ఆడపిల్లలెవరూ అక్కడికి వెళ్లేవాళ్లు కాదు. ఎవరికీ ఎవరూ ఏమీ చెప్పలేదు, కానీ అందరికీ తెలుసు. కేసు లేదు, శిక్ష లేదు, కాగితం లేదు. తర్వాత ఆ మాస్టారు వాళ్ల మేడ మీదికి కొత్తగా అద్దెకి ఒక కుటుంబం వచ్చింది. వాళ్లకొక అమ్మాయి, నాకంటే ఏడాది చిన్న. మెట్లు దిగితే ట్యూషనే కాబట్టి అక్కడే చేర్చారు. కొన్ని నెలలకి ఆ పిల్ల స్కూల్లో మాట్లాడడం మానేసింది. వేసవి సెలవుల్లో వాళ్లు ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు.

అన్నం తిన్నాక పాపని పక్కన కూర్చోబెట్టుకున్నాను. కాగితం చూపించలేదు. ఎవరైనా కుక్కపిల్లని చూపిస్తానన్నా, బొమ్మ ఇస్తానన్నా, అమ్మ రమ్మంది అన్నా, ముందు పరుగెత్తుకొచ్చి నాతో చెప్పాలన్నాను. ఒంటి మీద ఎక్కడ ఎవరూ ముట్టుకోకూడదో మళ్లీ చెప్పాను. ఇది మన సీక్రెట్, అమ్మకి చెప్పొద్దు అని ఎవరైనా అంటే అదే ముందు నాకు చెప్పాల్సిన మాట అన్నాను. పాప బుద్ధిగా విని "మనకి తెలిసినవాళ్లు అయినా?" అంది.

నేను నోరు తెరిచేలోపే అమ్మ అంది. "తెలిసినవాళ్లయినా. మావయ్యయినా, తాతయ్యయినా, మాస్టారయినా."

పాప పడుకున్నాక కాగితాన్ని పాస్‌పోర్టులుండే సొరుగులో పెట్టాను. ఆయన వచ్చాక చూపించాలి. రేపటి నుంచి అమ్మతో పాటు వాకింగ్‌కి నేనూ వెళ్లాలనుకున్నాను. గిన్నెలు సర్దుతుంటే అమ్మ వెనక నుంచి అడిగింది.

"ఆ పిల్ల ఇప్పుడు ఎక్కడుందో తెలుసా నీకు?"

తెలియదన్నాను.

"వాళ్లు సామాన్లు దించుకునే రోజు వాళ్లమ్మ మనింటికొచ్చి బిందెడు నీళ్లు అడిగింది. అప్పుడే చెబుదామనుకున్నాను. మీ నాన్న మనకెందుకులే అన్నారు." కాసేపు ఆగింది. "బిందె నింపి ఇచ్చాను. చెప్పలేదు."