ఉద్యోగం మారిన కొత్తలో గృహరుణం

హైదరాబాదులోని ఉద్యోగం వదిలి విశాఖపట్నం రుషికొండలోని ఒక ఐటీ సంస్థలో చేరిన కొద్ది నెలలకే మధురవాడలో ఫ్లాట్ కొనాలని మేము నిశ్చయించుకున్నప్పుడు, కొత్త ఉద్యోగంలో ఏడాది నిండనిదే ఏ బ్యాంకూ అప్పు ఇవ్వదని బంధువులు గట్టిగా చెప్పారు. ఆ మాట సరికాదు. మొత్తం అనుభవం ఎంత, జీతం తెగకుండా వస్తోందా, కొత్త పని పాత పనికి కొనసాగింపుగా ఉందా అన్నవి కూడా బ్యాంకు చూస్తుంది. అదే రంగంలో మెరుగైన జీతానికి మారినవారికి, నెలల తరబడి ఖాళీగా ఉండి రంగమే మార్చుకున్నవారికి ఒకే జవాబు రాదు.

పాత సంస్థ ఇచ్చిన రిలీవింగ్ లెటర్, కొత్త నియామక పత్రం, ఇటీవలి పే స్లిప్పులు, ఫారం 16, ఆదాయపు పన్ను రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంటు సాధారణంగా అడుగుతారు. అడగకపోయినా పీఎఫ్ పాస్‌బుక్కును జతచేయడం మంచిదని నా అభిప్రాయం. ఏ సంస్థ ఏ నెల వరకు చందా కట్టిందో అందులో తెలిసిపోతుంది గనుక, మధ్యలో ఖాళీ లేదని మనం వేరే రుజువు చేయనక్కరలేదు.

ఆఫర్ లెటర్‌లోని వార్షిక ప్యాకేజీని చూసి మాత్రం అప్పు లెక్క వేసుకోకూడదు. జాయినింగ్ బోనస్‌ను, కొత్త సంస్థలో ఇంకా ఒక్కసారైనా చేతికి రాని వేరియబుల్ పేను (పనితీరును బట్టి ఇచ్చే మొత్తాన్ని) బ్యాంకు సాధారణంగా పక్కనపెట్టి, నెలనెలా వచ్చే జీతాన్నే పట్టుకుంటుంది. చేతికి 80,000 రూపాయలు వచ్చే వ్యక్తికి వాయిదాలన్నీ కలిపి సగం దాటకూడదని బ్యాంకు అనుకుంటే, ఇప్పటికే 12,000 కారు వాయిదా ఉన్నప్పుడు ఇంటి వాయిదాకు మిగిలేది 28,000 రూపాయలు. 8.5 శాతం వడ్డీకి, 20 ఏళ్ల గడువుకు దానితో వచ్చే అప్పు సుమారు 32 లక్షలు. కారు అప్పు తీర్చేస్తే అది 46 లక్షలవుతుంది. జీతం పెరిగిందన్న ఉత్సాహంలో ముందు కారు కొనేవారికి ఈ లెక్క ఎవరూ చెప్పరు, షోరూమువారు అసలే చెప్పరు.

అసలు చిక్కు ప్రొబేషన్ దగ్గర వస్తుంది. కొన్ని బ్యాంకులు ఉద్యోగం ఖాయమైనట్టు లేఖ కావాలంటాయి, కొన్ని పాత అనుభవాన్ని చూసి సరిపెట్టుకుంటాయి. ప్రొబేషన్ ఆరు నెలలుండి, సేల్ అగ్రిమెంటు గడువు మూడు నెలలే రాసుకుంటే, ఆ లేఖ వచ్చేలోపే గడువు తీరి బయానా పోయే ప్రమాదం ఉంది. అందువల్ల నేను ముందుగా బ్యాంకుతో అర్హత తేల్చుకుని, రుణం మంజూరు కాని పక్షంలో బయానా తిరిగి ఇవ్వాలన్న షరతును అగ్రిమెంటులో రాయించాను. అమ్మకందారు కొంత బెట్టు చేసినా చివరికి ఒప్పుకున్నారు. తొందరపడి నాలుగైదు బ్యాంకులకు ఒకేసారి దరఖాస్తు పెట్టడం వల్ల ప్రయోజనం లేదు, బ్యాంకు చేసే ప్రతి విచారణా మన అప్పుల చరిత్ర తెలిపే సిబిల్ నివేదికలో నమోదవుతుంది.

ఇక ఆస్తి సంగతి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 30 లక్షలు దాటి 75 లక్షల వరకు ఉన్న రుణాలకు ఆస్తి విలువలో 80 శాతానికి మించి ఇవ్వరు. కాబట్టి 60 లక్షల ఫ్లాటుకు 12 లక్షలు మనం పెట్టుకోవాలి, స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ వగైరాలకు 7.5 శాతం చొప్పున మరో నాలుగున్నర లక్షలు వేరే సిద్ధం చేసుకోవాలి. సింహాచలం దేవస్థానంతో భూవివాదం ఉన్న అడవివరం, వేపగుంట వంటి పంచగ్రామాల్లో స్థలం హక్కు తేలకపోతే, జీతం ఎంత ఉన్నా లీగల్ ఒపీనియన్ దగ్గరే ఫైలు ఆగుతుంది.

శాంక్షన్ లెటర్ చేతికి వచ్చాక ఇంకో మంచి ఆఫర్ తలుపు తట్టవచ్చు. డబ్బు విడుదల చేసేముందు బ్యాంకు మరోసారి హెచ్ఆర్ విభాగాన్ని సంప్రదించవచ్చు గనుక, రిజిస్ట్రేషన్ పూర్తయి అమ్మకందారు చేతికి చెక్కు అందేవరకు రాజీనామా ఇవ్వకుండా ఉండటమే క్షేమం.