లండన్ మీదుగా జీనియాకి

అమెరికాలో దొరకని వస్తువంటూ ఉండదని మనవాళ్ళు అంటూ ఉంటారు. వాళ్ళెవరూ 4బీఏ స్క్రూ కోసం తిరిగి ఉండరు. బీఏ అంటే బ్రిటిష్ అసోసియేషన్, ఇంగ్లండ్ వాళ్ళ పాత స్క్రూ కొలత. ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో మా ఇంటి దగ్గరి హార్డ్‌వేర్ దుకాణంలో స్క్రూలకే ఒక వరసంతా ఉంది. 4-40, 6-32, 8-32 అని అమెరికన్ సైజులు, ఓ మూల మెట్రిక్‌వి. బీఏ మాత్రం లేవు. ఇంగ్లండ్ నుంచి తెప్పిద్దామంటే స్క్రూల ఖరీదు కన్నా పోస్టేజీ ఎక్కువ. అందుకే మే నెలలో ఓ శనివారం పొద్దున్నే జీనియా బయల్దేరాను. అక్కడ హామ్‌వెన్షన్ జరుగుతోంది.

హామ్ రేడియో వాళ్ళకి, అంటే లైసెన్సు తీసుకుని సరదాకి సొంత రేడియో సెట్లతో మాట్లాడుకునేవాళ్ళకి, ఇది పెద్ద తిరునాళ్ళు. 1952 నుంచి డేటన్‌లో జరిగేది, 2017లో పక్కనున్న జీనియా ఫెయిర్‌గ్రౌండ్స్‌కి మారింది. నాకు హామ్ లైసెన్సూ లేదు, దాంతో ఇచ్చే గుర్తింపు పేరు కాల్‌సైనూ లేదు. కొత్త సెట్లు పెట్టే హాళ్ళతో పనీ లేదు. బయట గడ్డిలో టెంట్లు వేసుకుని పాత సామాను అమ్మేవాళ్ళే కావాలి.

ఐ-70 హైవే దిగి 42వ నంబరు రోడ్డు పట్టుకుంటే వచ్చే ఊరు లండన్. ఒహాయోలో లండన్ అన్నమాట. ఇంగ్లండ్ స్క్రూ కోసం పోతూ లండన్ దాటుతున్నానని నాలో నేనే నవ్వుకున్నాను. సీడర్‌విల్ దాటాక ఆ నవ్వు కాస్తా పోయింది. కార్లు ఒకదాని వెనక ఒకటి నిలబడిపోయాయి. ఎక్కడో దూరంగా పార్క్ చేయించి పసుపురంగు స్కూలు బస్సెక్కించారు. చిన్న పిల్లల కోసం చేసిన సీట్లు, మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. పక్కాయన టోపీ మీద చిన్న యాంటెనా, ఛాతీ మీద కాల్‌సైన్ బ్యాడ్జి. నీ కాల్‌సైన్ ఏమిటని అడిగాడు. లేదన్నాను. మరెందుకొచ్చావన్నట్టు చూశాడు. స్క్రూల కోసమని చెబితే మాత్రం ఆశ్చర్యపోలేదు, ఏ సైజని అడిగాడు. ఆ ఒక్క మాటతో నా చిరాకు సగం దిగిపోయింది.

స్క్రూలు మా తాతగారి రేడియోకి. మర్ఫీ అంటే మనకి నోటి దగ్గర వేలు పెట్టుకున్న పాప బొమ్మే గుర్తొస్తుంది. కంపెనీ పుట్టింది మాత్రం 1929లో, ఇంగ్లండ్‌లోని వెల్విన్ గార్డెన్ సిటీలో. మా సెట్టు అక్కడ తయారైందే. నిరుడు ఇండియా నుంచి దాన్ని తెచ్చుకోవడానికి పెట్టెలో పచ్చళ్ళన్నీ వదిలేసుకున్నాను, ఆ సంగతి మా ఆవిడ ఇంకా మర్చిపోలేదు. ఇక్కడి 120 వోల్టుల్ని 230 చేసే ట్రాన్స్‌ఫార్మర్ కొన్నాను, ఎండిపోయిన కెపాసిటర్లు మార్చాను. ఎలక్ట్రానిక్స్ పని నిజానికి సులువు, కెపాసిటర్లు ఎక్కడైనా దొరుకుతాయి. నన్ను ఏడిపించింది ఇనప సామానే. వెనక అట్టకి నాలుగు స్క్రూలుండాలి, ఉన్నది ఒక్కటే. నాబ్‌ని కడ్డీకి బిగించే, తల లేని గ్రబ్ స్క్రూలు రెండు పోయాయి. వాటిలో ఒకదాని చోట ఎవరో స్టార్ తల స్క్రూ ఎక్కించారు, అది బయటికి పొడుచుకొచ్చి ఉంది.

చూడ్డానికి అసహ్యంగా ఉందన్న బాధ ఒక్కటే అయితే ఊరుకునేవాణ్ణి. మాది ఏసీ, డీసీ రెండింటికీ పనికొచ్చే రకం. అలాంటి సెట్లలో మెయిన్స్ తీగల్లో ఒకటి నేరుగా చాసిస్‌కే, అంటే లోపలి ఇనప చట్రానికే, కలుస్తుంది. ప్లగ్గు తిరగబడితే చాసిస్, నాబ్ కడ్డీ, కడ్డీకి తగిలే స్క్రూ అన్నిట్లోనూ కరెంటే. అందుకే కంపెనీవాళ్ళు పొట్టి గ్రబ్ స్క్రూని లోపలికి దిగేట్టు బిగించి, పైన మైనంతో పూడ్చేవారు. పొడుగు స్క్రూ పెట్టారంటే, పాట సౌండు పెంచబోయినవాడికి షాకే.

సంతలో గంటల తరబడి ఏం చూశానో రాయను. ఫిల్కో, జెనిత్ లాంటి అమెరికన్ రేడియోల చెక్కపెట్టెలు, మాసిపోయిన వాల్వు డబ్బాలు, కింద బురద. ఒకచోట బేకలైట్ నాబ్‌ల జత 30 డాలర్లన్నారు. కడ్డీ రెండు దేశాల్లోనూ పావు అంగుళమే కాబట్టి అవి మర్ఫీకీ ఎక్కుతాయి. కానీ మర్ఫీ ముఖం మీద ఫిల్కో నాబ్ పెట్టడానికి మనసొప్పలేదు. ఆ ధరకి అసలే ఒప్పలేదు.

ఆఖరి వరసల్లో ఒక పెద్దాయన కనపడ్డాడు. రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ మిలటరీ సెట్లు బాగుచేస్తాడట. బల్లమీద రేకు డబ్బాలు, ప్రతిదాని మీదా చేత్తో రాసిన చీటీ: 2బీఏ, 4బీఏ, 6బీఏ. కాగితంలో చుట్టి తెచ్చిన మా స్క్రూ ఇచ్చాను. ఆయన ముందుగా జేబులోంచి 6-32 నట్టు తీసి దానికి ఎక్కించాడు. నట్టు హాయిగా రెండు చుట్లు తిరిగి ఆగిపోయింది. "ఇక్కడే జనం పట్టకారు తీస్తారు" అన్నాడు.

రెండూ లావులో దాదాపు ఒకటే. 6-32 మూడున్నర మిల్లీమీటర్లు, 4బీఏ 3.6. తేడా అంతా మరల్లో, అంటే స్క్రూ చుట్టూ తిరిగే గాట్లలో, ఉంది. 6-32కి మరకీ మరకీ మధ్య దూరం 0.79 మిల్లీమీటర్లు, 4బీఏకి 0.66. మర కోణం అమెరికాది 60 డిగ్రీలు, బీఏది 47.5. మొదటి రెండు చుట్లు తేడా తెలియదు, ఆ తర్వాత బలవంతాన తిప్పితే మెత్తటి ఇత్తడి గట్టి ఉక్కు మాట వింటుంది. అసలు ఎక్కని స్క్రూతో ఏ ప్రమాదమూ లేదు, పక్కన పడేస్తాం. సగం ఎక్కేదే రంధ్రాన్ని పాడుచేస్తుంది.

మా ఊరి మెకానిక్ గుర్తొచ్చాడు. ఆయన దగ్గరా ఒక డబ్బా ఉండేది, పాత హార్లిక్స్ సీసా. అందులో గడియారాలవీ, సైకిళ్ళవీ, కుట్టుమిషన్లవీ అన్నీ కలిసి ఉండేవి. ఏది కాస్త లావు కుదిరితే అది పెట్టి, పట్టకారుతో తిప్పి, "పట్టేసిందండీ" అనేవాడు. ఈ సెట్టు వెనక ఉన్న గాయాలన్నీ ఆయన చలవే అని ఇన్నాళ్ళూ తిట్టుకున్నాను. అయితే ఆయనకి 4బీఏ ఎవరు పంపుతారు? తాతగారు పోయేదాకా పొద్దుటి వార్తలు వినపడ్డాయంటే అదీ ఆ సీసా చలవే.

పెద్దాయన ఫ్లాట్ తల ఉన్నవే ఏరాడు. తళతళలాడే కొత్త జింకు పూతవి పక్కకి తోసేశాడు. స్టార్ తల స్క్రూకి పేటెంట్లొచ్చిందే 1936లో, ఆ కాలపు ఇంగ్లీషు సెట్లో అది కనిపిస్తే తర్వాత ఎవరో చెయ్యి పెట్టినట్టే అన్నాడు. పాత బూడిదరంగు వాటిని ఉప్పుకాగితంతో రుద్దవద్దని గట్టిగా చెప్పాడు. కాడ్మియం పూత, ఆ పొడి పీలిస్తే విషం. వెనక అట్టకి మూడు, రెండు పొట్టి గ్రబ్ స్క్రూలు, విడిగా ఇంకో నాలుగు కలిపి 5 డాలర్లు. బయట తిన్న బర్గర్‌కి ఇంతకు మూడింతలు తీసుకున్నారు.

ఇంటికొచ్చి బిగిస్తే గ్రబ్ స్క్రూలు వేళ్ళతోనే దిగాయి. వాటిపైన కొవ్వొత్తి మైనం నింపాను. వెనక అట్టకి రెండు బాగా కూర్చున్నాయి. మూడోది ఊరికే తిరుగుతోంది, ఆ రంధ్రం ఎప్పుడో వెడల్పయింది. దాన్ని 2బీఏకి పెంచి కొత్తగా మరలు తీయించడమే దారి. ఇలాంటిది ఉండొచ్చని సంతలో పెద్దాయన ముందే అనుమానించాడు. మరలు తీసే పనిముట్టు, 2బీఏ ట్యాప్, అమ్ముతారా అంటే అమ్మను, సెట్టే పట్టుకురమ్మన్నాడు. ఇండియానాలో ఉంటాడట, రిచ్‌మండ్ దాటాక ఏ ఎగ్జిట్‌లో దిగాలో నా స్క్రూ చుట్టిన కాగితం మీదే రాసిచ్చాడు.