కవరు మీది బిళ్ళని ఊడదీయకండి

వరంగల్లో మా తాతయ్య ట్రంకుపెట్టెలో నిజాం కాలం నాటి ఉత్తరాల కట్ట ఒకటి ఉండేది. ఓ ఎండాకాలం సెలవుల్లో నేనూ మా బాబాయి కొడుకూ స్టీలు గిన్నెలో నీళ్ళు పోసి, ఆ కవర్ల మీది బిళ్ళలన్నీ, అంటే స్టాంపులన్నీ, నానబెట్టి ఊడదీసి నోటుబుక్కులో అతికించుకున్నాం. కవర్లు పారేశాం. ఆ బిళ్ళలు ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి, కానీ ఏ ఊరి నుంచి ఏ ఊరికి వెళ్ళాయో, ఎవరు ఎవరికి రాశారో చెప్పడానికి ఏమీ మిగల్లేదు. న్యూజెర్సీలో ఉంటూ అమెరికా పాత లోకల్ పోస్టు కవర్లు సేకరించడం మొదలుపెట్టాక ఆ గిన్నె నాకు చాలాసార్లు గుర్తొచ్చింది.

లోకల్ పోస్టు అంటే ప్రభుత్వం కాకుండా ప్రైవేటు మనుషులు నడిపిన పోస్టు. చాలామందికి తెలియదు, అందుకే కొంచెం వివరంగా చెప్తాను. 1840ల్లో అమెరికా ప్రభుత్వ పోస్టు ఒక ఊరి పోస్టాఫీసు నుంచి ఇంకో ఊరి పోస్టాఫీసుకి ఉత్తరం చేర్చేది, అంతే. మీ ఇంటికి తెచ్చివ్వాలంటే పోస్ట్‌మ్యాన్‌కి వేరే డబ్బులు, మామూలుగా ఒకట్రెండు సెంట్లు. అతనికి జీతం ఉండేది కాదు, ఆ సెంట్లే అతని సంపాదన. పైగా ఉత్తరం ఖరీదు దూరాన్ని బట్టీ, కాగితాల లెక్కనీ ఉండేది. నాలుగు వందల మైళ్ళు దాటితే ఒక్క కాగితానికి 25 సెంట్లు! కవరు వాడితే అదీ ఇంకో కాగితం కిందే లెక్క. అందుకే ఆ రోజుల్లో ఉత్తరం రాసిన కాగితాన్నే మడతపెట్టి, లక్కతో అంటించి, దాని వీపు మీదే అడ్రసు రాసేవాళ్ళు. సేకరించేవాళ్ళం దాన్ని కూడా కవరనే అంటాం.

ఈ ఇబ్బందిలోంచే ప్రైవేటు పోస్టులు పుట్టాయి. న్యూయార్క్‌లో అలెగ్జాండర్ గ్రెగ్ అనే ఆయన 1842 ఫిబ్రవరి 1న సిటీ డిస్పాచ్ పోస్ట్ మొదలుపెట్టాడు. ఊరంతా డబ్బాలు పెట్టించాడు, రోజుకి మూడుసార్లు పంపిణీ. వాషింగ్టన్ బొమ్మతో మూడు సెంట్ల స్టాంపు వేశాడు, విడిగా కొంటే ఒక్కోటి 3 సెంట్లు, వంద ఒకేసారి కొంటే రెండున్నర డాలర్లు. అమెరికాలో అంటించే స్టాంపు అదే మొదటిది. ఇంగ్లండ్‌లో ప్రపంచంలోనే మొదటి స్టాంపు, పెన్నీ బ్లాక్, వచ్చి అప్పటికి రెండేళ్ళు కూడా నిండలేదు, అమెరికా ప్రభుత్వం దేశమంతటికీ స్టాంపులు వేసింది 1847లో. అంటే ప్రభుత్వం కంటే ఐదేళ్ళ ముందు ఓ ప్రైవేటు మనిషి ఆ పని చేసి చూపించాడు. ఆరు నెలలు తిరిగేసరికి, ఆగస్టు 16 నుంచి, ప్రభుత్వం ఆ పోస్టుని తనే తీసుకుని గ్రెగ్‌ని కూడా అందులోనే పనిలో పెట్టుకుంది.

ఇక్కడే క్యారియర్ స్టాంపులకీ లోకల్ స్టాంపులకీ తేడా వస్తుంది. ప్రభుత్వం నియమించిన పోస్ట్‌మ్యాన్ల ఫీజుకి వాడినవి క్యారియర్లు, ప్రైవేటు వాళ్ళవి లోకల్స్. గ్రెగ్ స్టాంపుకి రెండు జన్మలూ ఉన్నాయి. ప్రైవేటుగా ఉన్నప్పుడు దాని మీద చిన్న చట్రంలో 'ఫ్రీ' అన్న ముద్ర పడేది. అందుకునేవాడు ఏమీ కట్టక్కర్లేదని దానర్థం. ప్రభుత్వం చేతికి వచ్చాక ఎనిమిది పలకల చట్రంలో 'యు.ఎస్.' అన్న ముద్ర పడింది. ఈ ముద్ర కవరు మీద ఉంటేనే కథ తెలుస్తుంది. బిళ్ళ ఊడదీశారా, సగం ముద్ర కాగితంతో పాటు పోయినట్టే.

ఊళ్ళ మధ్య ఉత్తరాలు మోసిన లైసాండర్ స్పూనర్ కథ ఇంకో పెద్ద వ్యాసానికి సరిపోతుంది. 1844లో డాలరుకి ఇరవై స్టాంపులు అమ్మి, న్యూయార్క్, బోస్టన్, ఫిలడెల్ఫియా, బాల్టిమోర్ మధ్య ఉత్తరాలు నడిపి ప్రభుత్వంతో కోర్టుల్లో పోరాడాడు. అతనొక్కడే కాదు, ఇలాంటి ప్రైవేటు పోస్టుల పోటీ తట్టుకోలేకే 1845లో కాంగ్రెస్ మూడు వందల మైళ్ళ వరకు రేటు ఐదు సెంట్లకి దించింది.

ఇక నాకు తగిలిన దెబ్బ గురించి చెప్పాలి. మొదట్లో నేను కవర్లు కాకుండా విడి స్టాంపులే కొన్నాను, చవకగా వస్తున్నాయని. ఒక అమ్మకందారు దగ్గర ముప్పై దాకా లోకల్స్ ఉన్న ఆల్బమ్ పేజీ కొన్నాను, అసలువేనని అతను గట్టిగా చెప్పాడు. తర్వాత అనుభవమున్న ఓ పెద్దాయనకి చూపిస్తే, భూతద్దం పెట్టి ఓపిగ్గా ఒక్కోటి చూసి, రెండు తప్ప అన్నీ నకిలీవన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. డబ్బుకన్నా, నేను వాటి గురించి ఇంట్లో పిల్లలకి చెప్పిన కథలన్నీ అబద్ధాలైపోయాయని బాధ. ఈ రంగంలో నకిలీలకి పెద్ద చరిత్రే ఉంది. 1860ల్లో స్టాంపుల సేకరణ పిచ్చి మొదలవగానే బోస్టన్‌లో ఎస్. అలన్ టేలర్ లెక్కలేనన్ని దొంగ లోకల్స్ అచ్చేశాడు, అసలు ఎప్పుడూ లేని పోస్టుల పేర్లతో కూడా. న్యూయార్క్‌లో సొంతంగా లోకల్ పోస్టు నడిపిన హస్సీ కూడా సేకరణ చేసేవాళ్ళకి అమ్మడానికి మళ్ళీ అచ్చులు వేయించాడు. విడి బిళ్ళ అయితే ఏది ఏదో చెప్పడం చాలా కష్టం. కవరు మీద ఉంటే తేదీ, ముద్ర, సిరా, మడత, అడ్రసు అన్నీ ఒకదానికొకటి సాక్ష్యం చెప్పాలి. అక్కడా మోసాలున్నాయి, పాత కవరు మీద బిళ్ళ అంటించి అమ్మేవాళ్ళున్నారు, అందుకే కొంచెం ఖరీదైనది ఏది కొన్నా అసలుదేనని నిపుణులిచ్చే సర్టిఫికెట్ లేకుండా నేను కొనను.

నా దగ్గరున్న వాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది బాయ్డ్స్ సిటీ ఎక్స్‌ప్రెస్ కవరు. జాన్ బాయ్డ్ 1844లో న్యూయార్క్‌లో పెట్టిన పోస్టు అది, రెండు సెంట్ల స్టాంపు. భూగోళం మీద వాలిన గద్ద బొమ్మ, మెరిసే ఆకుపచ్చ కాగితం మీద నల్ల అచ్చు. కత్తెరతో కత్తిరించిన అంచు, కుడివైపు గద్ద రెక్క కొసకి ఆనుకుని పోయింది, ఎవరో తొందరలో కత్తిరించి ఉంటారు. వెలుతురులో పక్కకి వంచితే ఆ ఆకుపచ్చ నున్నదనం మీద సన్నటి పగుళ్ళు, మన ఇళ్ళల్లో పాత లక్కపిడతల మీద ఉంటాయే, అలా. లోపల 1846 మార్చి నాటి ఉత్తరం, నాలుగే లైన్లు. బ్లీకర్ స్ట్రీట్‌లో ఉండే ఒకామెకి అన్నయ్య రాశాడు. మంగళవారం సాయంత్రం భోజనానికి వస్తానని, కుర్రాడికి దగ్గు తగ్గిందా అని. నెత్తిన ముంచుకొచ్చే పని కాదు, గొప్పవాళ్ళ ఉత్తరమూ కాదు. ఒకే ఊళ్ళో ఉన్న చెల్లెలికి రెండు సెంట్లు పెట్టి కబురు పంపాడంటే, ఆ రెండు సెంట్లకి ఎంత పని జరిగేదో దాన్ని చూస్తేనే నాకు అర్థమైంది.

ఫిలడెల్ఫియాలో బ్లడ్స్ డిస్పాచ్ వాళ్ళ మొదటి స్టాంపుల్లో సంచీ వేసుకున్న మనిషి మర్చంట్స్ ఎక్స్‌ఛేంజ్ భవనం మీదుగా ఒక్క అంగలో దాటేస్తుంటాడు. 2016లో న్యూయార్క్ జావిట్స్ సెంటర్ స్టాంప్ షోకి వెళ్ళినప్పటి నుంచీ దాని మీద నాకు మనసు, కానీ కవరు మీద కావాలి, అది నా బడ్జెట్‌లో లేదు. విడి బిళ్ళ మాత్రం కొనను.

ఇలాంటి పోస్టుల కాలం మెల్లగా ముగిసింది. 1861లో కాంగ్రెస్ నగరాల వీధుల్ని కూడా పోస్టు దారులుగా ప్రకటించింది, అంటే అక్కడ ఉత్తరాలు మోసే హక్కు ప్రభుత్వానిదే అయింది, 1863 జులై 1 నుంచి 49 నగరాల్లో ఇంటికి తెచ్చివ్వడం ఉచితమైంది. ఆ తర్వాత ఉత్తరం తెచ్చినందుకు పోస్ట్‌మ్యాన్‌కి సెంటు ఇవ్వాల్సిన పని లేకుండా పోయింది.

పోయిన అక్టోబరులో మా అమ్మాయిని తీసుకుని, బాయ్డ్ ఆఫీసుండే విలియం స్ట్రీట్ నుంచి బ్లీకర్ స్ట్రీట్ దాకా నడిచాను. బాయ్డ్ మనిషి సంచీతో ఏ సందుల్లోంచి వెళ్ళాడో తెలియదు కాబట్టి మాకు తోచిన దారిన వెళ్ళాం. నలభై ఐదు నిమిషాలు పట్టింది. కవరు మీది ఇంటి నంబరు దగ్గర ఇప్పుడు వేరే భవనం ఉంది. మా అమ్మాయి కాసేపు తలుపు వంక చూసి, "నాన్నా, ఆ అబ్బాయికి దగ్గు తగ్గిందా?" అని అడిగింది. ఆ ఇంటికి అదే అన్నయ్య రాసిన ఇంకో ఉత్తరం ఎక్కడైనా మిగిలిందేమోనని అప్పటి నుంచీ ప్రతి వేలం క్యాటలాగులోనూ బ్లీకర్ స్ట్రీట్ కోసం వెతుకుతున్నాను.