పెట్టెలో వచ్చే అమ్మ

గేటు తీసిన పిల్లోడు నా కుడిచెయ్యి అందుకుని నుదుటికి ఆనించుకున్నాడు. ముద్దు పెడతాడేమోనని చెయ్యి సగం వెనక్కి లాగేశాను. వెనక నుంచి మా అమ్మాయి నవ్వింది. "నాన్నా, అది వీళ్ళ దండం. నువ్వు దీవించాలి." ఫిలిప్పీన్స్‌లో మనీలా వైపు దీన్ని 'మానో' అంటారట. మేమున్న దావావు ఊళ్ళో మాట్లాడేది బిసాయా, ఇక్కడి పిల్లలు 'బ్లెస్' అనేసి చెయ్యి పట్టుకుంటారు. వాడు దండం పెట్టిన మరుక్షణం మళ్ళీ ఫోన్లో మొబైల్ లెజెండ్స్ ఆటలోకి మాయమయ్యాడు.

అమ్మాయి ఇక్కడ మెడిసిన్ చదువుతోంది. దావావులో మన తెలుగు పిల్లలు ఎంతమందంటే, కొన్ని సందుల్లో నడుస్తుంటే పోపు వాసన తగిలి రాజంపేటలో ఉన్నానా అనిపిస్తుంది. 2025 జూన్ నుంచి మనవాళ్ళు 14 రోజుల వరకూ వీసా లేకుండా పోవచ్చన్నారు. డిసెంబరులో నేనూ మా ఆవిడా మద్రాసులో విమానమెక్కి, సింగపూరులో మారి, అమ్మాయి ఇంటికి చేరాం. పైవాటాలో మనమ్మాయిలు నలుగురు. కింద ఇంటామె, డెబ్బై దాటిన మనిషి. అందరూ 'లోలా' అంటారు, అంటే అవ్వ. మనవడూ మనవరాలూ ఆమె దగ్గరే పెరుగుతున్నారు. 

లోలాకి ఇంగ్లీషు బాగా వచ్చు, నాకు ఓ మోస్తరు. రిటైరైన అయ్యవారిని కదా, మొదటి సాయంత్రమే ఇద్దరం కాలం చెడిపోయిందన్న దగ్గర కలిసిపోయాం. ఆమె చిన్నప్పుడు ఆరింటికి చర్చి గంట మోగితే ఎక్కడ ఆడుకుంటున్న పిల్లలైనా ఇంటికి ఉరికేవాళ్ళట. ఒరాసియోన్ అంటారు, సంధ్యాప్రార్థన. అది అయ్యాక పెద్దల చేతులన్నీ వరసగా నుదుట పెట్టుకుని గానీ అన్నానికి కూర్చునేవాళ్ళు కాదు. ఇప్పుడు ఆరింటికి మనవడు ఫోన్లో ఉంటాడు, మనవరాలు నిద్ర లేస్తుంది. ఆ అమ్మాయిది కాల్ సెంటర్లో రాత్రి ఉద్యోగం. అమెరికా పగలు ఈమెకు పని, దావావు పగలు ఈమెకు నిద్ర.

"మేం ఎనిమిదిమంది, నాకు అయిదుగురు, దీనికేమో పెళ్ళే వద్దట" అంది లోలా. ఇది ఒక్క ఇంటి కథ కాదు. ఆ దేశంలో ఒక్కో స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య 2017లో 2.7, 2022 సర్వేకి 1.9కి దిగింది.

నేను రచ్చబండ మీద కూర్చున్నవాడిలా అన్నిటికీ తల ఊపుతూ పోయాను. మూడో రోజు పెట్టె వచ్చింది.

బాలిక్‌బయాన్ పెట్టె. విదేశాల్లో ఉన్నవాళ్ళు ఓడలో పంపే నడుమెత్తు అట్టపెట్టె. నెలా రెండు నెలలు సముద్రం మీదే ఉంటుంది. మనవడు ఫోన్ పక్కనపడేసి దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. సబ్బులు, తువ్వాళ్ళు, పేస్టులు, చాక్లెట్లు, నీడో పాలడబ్బా, ట్యాంగ్ పొడి, ఒక జత బూట్లు. బూట్లు బిగుతయ్యాయి. వాళ్ళమ్మ కొన్నది వాడి పోయిన ఏటి కొలత. లోలా ఏమీ అనలేదు, బూట్లు మళ్ళీ డబ్బాలో పెట్టేసింది.

ఆ నీడో డబ్బా చూడగానే నాకు మా చిన్నమ్మ గుర్తొచ్చింది. మా కడప సీమ నుంచి కువైట్ పోయిన ఖద్దామాల్లో, అంటే ఇంటి పనిమనుషుల్లో, ఆమె ఒకతి. వచ్చేటప్పుడు అవే డబ్బాలు, అదే ట్యాంగ్, పూల దుప్పట్లు. ఆమె కొడుకు మా ఇంట్లో పెరిగాడు. మొదటిసారి తిరిగొచ్చినప్పుడు వాడు మా అమ్మ చీర చాటుకు పోయి నిలబడ్డాడు. ఈ పిల్లోడి తల్లి ఉన్నదీ కువైట్‌లోనే. ఎనిమిదేళ్ళయింది.

ఆమె మొగుడు ఎప్పుడో వేరే కాపురం పెట్టాడు. ముస్లింలకు తప్ప ఆ దేశ చట్టంలో విడాకులు లేవు. పెళ్ళి మొదటినుంచీ చెల్లలేదని కోర్టులో నిరూపించుకునే దారి ఉందిగానీ బోలెడు ఖర్చు. 2024 మేలో విడాకుల బిల్లు దిగువసభ దాటి సెనేటు గడప దగ్గర ఆగిపోయింది. లోలా విడాకులకు బద్ధ వ్యతిరేకి, కుటుంబాలు పాడవుతాయంటుంది. అల్లుడి పేరు మటుకు నోట రానివ్వదు.

పిల్లల తల్లి చేసిన తప్పేమిటో నాకు అర్థం కాలేదు. అమ్మానాన్నల్ని, తమ్ముళ్ళని, బిడ్డల్ని చూసుకోవాలన్న పాత మాట నిలబెట్టడానికే కదా పోయింది? 1974లో కార్మిక చట్టం తెచ్చి మనుషుల్ని బయటికి పంపడం సర్కారే ఒక పద్ధతిగా మొదలుపెట్టింది. 2024లో బయటివాళ్ళు బ్యాంకుల ద్వారా పంపిన సొమ్ము 34 బిలియన్ డాలర్లు దాటింది. అంత డబ్బు తిని, సాయంత్రం ఆరింటికి ఇంట్లో అందరూ లేరని ఫోన్లనీ కుర్రకారునీ తిట్టడం కొంచెం అన్యాయం అనిపించింది. మొన్నటిదాకా తిట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఆదివారం నాలుగింటికే లేపి లోలా మమ్మల్ని మీసా దె గాల్యోకి తీసుకెళ్ళింది. క్రిస్మస్ ముందు తొమ్మిది తెల్లవారుజాముల పూజ అది, మన ధనుర్మాసంలా. అక్కణ్ణుంచి బాంకెరోహాన్ మార్కెట్‌కి. కొబ్బరిపాలలో వండిన జిగురన్నం, చిక్కటి వేడి కోకో. డ్యూటీ దిగి మనవరాలు అక్కడికే వచ్చింది. మాటల్లో కొత్త బిల్లు సంగతి తెచ్చింది. తల్లిదండ్రుల్ని చూడని పిల్లలను శిక్షించాలని సెనేటర్ లాక్సన్ 2025లో పెట్టిన బిల్లు అది. మన దగ్గర 2007 నుంచే అలాంటి చట్టం ఉందన్నాను, కాస్త గొప్పగా.

"దాంతో అందరూ చూస్తున్నారా అంకుల్?" అంది.

నేను కోకో తాగాను.

మనీలా వైపు భాషలో 'ఉతాంగ్ నా లోఓబ్' అని ఒక మాట ఉంది, లోపలి అప్పు. మన రుణానుబంధానికి దగ్గర. "తమ్ముడి ఫీజు నేనే కడుతున్నా, ఇష్టంగానే కడుతున్నా. కానీ నాకు పిల్లలు పుడితే వాళ్ళు పుట్టగానే అప్పుతో పుట్టకూడదు" అంది ఆ అమ్మాయి. లోలా వినిపించనట్టు జిగురన్నం మీద పంచదార చల్లుకుంది.

క్రిస్మస్ ముందు రాత్రి నోచె బ్వేనా, అర్ధరాత్రి భోజనం. తియ్యటి స్పగెట్టీ, హామ్, పళ్ళ సలాడ్, మధ్యలో మా ఆవిడ కలిపిన పులిహోర. దావావులో టపాసులు నిషేధం, బాకాలూ మూతల చప్పుళ్ళే. అరటి కెచప్ సీసాకు ఫోన్ ఆనించి కువైట్‌కి వీడియో కాల్ చేశారు. అక్కడ సాయంత్రం ఏడు, సేటు ఇంట్లో వంట టైము. 2018లో ఒక ఫిలిప్పినో పనిమనిషి శవం కువైట్‌లో ఫ్రీజర్లో దొరికాక కొన్నాళ్ళు మనుషుల్ని పంపడమే ఆపేశారు. అప్పటినుంచీ కూతురు ఫోన్ ఎత్తేదాకా లోలా ఊపిరి బిగబట్టే ఉంటుందని మా అమ్మాయి చెప్పింది.

ఎత్తింది. సన్నటి మొహం, తలకు గుడ్డ. కొడుకు కొత్త బూట్లు వేసుకున్న కాళ్ళు పైకెత్తి చూపించాడు, సరిగ్గా సరిపోయాయన్నాడు. ఇంతలో అటునుంచి ఎవరో పిలిచారు. ఆమె ఫోన్ బోర్లించినట్టుంది, తెర నల్లబడింది. గిన్నెల చప్పుడు, నీళ్ళ చప్పుడు, అరబ్బీలో ఏవో మాటలు.

కట్ చెయ్యబోయి నేను చెయ్యి చాపాను. లోలా నా చెయ్యి పట్టి ఆపింది. "ఉండనీ, తోముతోంది" అంది.

ఆ చప్పుడు వింటూనే అందరం తిన్నాం. మనవడు రెండోసారి పులిహోర వడ్డించుకున్నాడు, బల్ల కింద ఒక బూటు విప్పేసి.