ఒలిస్తే మొలవని గింజ

2000 ఖరీఫ్‌లో మా బుడ్డల (వేరుశనగ) చేను మాడిపోయినప్పుడు నాకు ఆరేళ్లు. మొవ్వులు ఎండి, కాండం నల్లబడి, చెట్టుకు చెట్టే చచ్చిపోయింది. ఆ ఏడాది అనంతపురం జిల్లాలో దాదాపు 2,25,000 హెక్టార్లలో ఇదే కథ. నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని అంచనా. నాయన చాన్నాళ్లు విత్తనానిదే తప్పనుకున్నాడు. అది టొబాకో స్ట్రీక్ వైరస్ పని అని నాకు తెలిసింది ఎమ్మెస్సీలో చేరాకే. ప్రాజెక్టుకు అదే కావాలని పట్టుబట్టి తీసుకున్నా.

పని వినడానికి చిన్నదే. తెగులు ఆకు నూరి, అలసంద మొక్కల తొలి ఆకుల మీద ఆకును సన్నగా గీరే కార్బోరండం పొడి చల్లి, ఆ రసం మెల్లగా రుద్దాలి. మూడు నాలుగు రోజుల్లో గోధుమరంగు మచ్చలు వస్తే వైరస్ బతికున్నట్టు.

మొదటిసారి కళ్యాణదుర్గం వైపు నుంచి ఆకులు కవర్లో వేసుకుని ఎండలో బస్సెక్కి వచ్చా. ఒక్క మచ్చ రాలేదు. రెండోసారి రాత్రంతా కరెంటు పోయి ఫ్రిజ్‌లోని ఆకులు వాడిపోయాయి. "ఇది పొగాకు మొజాయిక్ వైరస్‌లా గట్టిది కాదురా, ఐస్ లేకుండా ముట్టుకోవద్దు" అన్నారు సార్. టొబాకో స్ట్రీక్‌కున్న ఐలార్‌వైరస్ అనే ఇంటిపేరులోనే నిలకడ లేనిది అనే అర్థం ఉందట. ఆ సంగతి ముందే చెప్పి ఉంటే బస్ ఛార్జీలైనా మిగిలేవి.

మూడోసారి మొక్కలు పెరిగేలోపు సెమినార్ కోసం ఆ మొజాయిక్ వైరస్ గురించే చదివా. అది 300 నానోమీటర్ల పొడవున్న కడ్డీ. లోపల దాదాపు 6,400 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ, అంటే వైరస్ జన్యువులుండే దారం, చుట్టూ తొడుగులా సుమారు 2,130 ప్రోటీన్లు. ఒక్కో ప్రోటీన్ మూడేసి అక్షరాలను పట్టుకుంటుంది. హెచ్చవేసి చూసుకున్నా, సరిపోయింది! కడ్డీ ఎంత పొడవుండాలో కొలిచేది ఆర్‌ఎన్‌ఏనే. పని కూడా కొస నుంచి మొదలవదు. ఆర్‌ఎన్‌ఏలో ఒకచోట ఉన్న మెలిక ప్రోటీన్ల చక్రం మధ్య రంధ్రంలోకి దూరుతుంది, చక్రం మరమేకులా మెలితిరిగి దాన్ని బిగించేస్తుంది. ఆపై గాజుల దొంతరలోంచి దారం లాగినట్టు, మిగతా ఆర్‌ఎన్‌ఏ మధ్య సందులోంచి పైకి వస్తుంటే కొత్త ప్రోటీన్లు చేరుతూ పోతాయి. 1955లో ఫ్రెంకెల్ కాన్రాట్, విలియమ్స్ అనే శాస్త్రవేత్తలు ఆర్‌ఎన్‌ఏనూ ప్రోటీన్లనూ విడదీసి, పరీక్షనాళికలో మళ్లీ కలిపితే రోగం పుట్టించే వైరస్సే తయారైంది. ఎవరూ పక్కన నిలబడి కట్టక్కర్లేదన్నమాట. ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయా.

మూడోసారి జ్యూస్ షాపతన్ని బతిమాలి ఐస్ తెచ్చుకుని, రోలూ, ఆకు నూరే బఫర్ ద్రావణమూ అన్నీ చల్లబరిచి రుద్దా. నాలుగో రోజు పొద్దున మచ్చలు. లెక్కపెడుతుంటే చేతులు వణికాయి.

వైవాలో దొరికిపోయింది మాత్రం వేరేచోట. "నీ వైరస్ తొడుగంతా తీసేసి, జన్యువులున్న ఆర్‌ఎన్‌ఏ మాత్రం రుద్దితే?" అని అడిగారు బయటి నుంచి వచ్చిన మేడమ్. బుడ్డ ఒలిచి గింజ విత్తితే మొలవదా? మొజాయిక్‌లో మొలుస్తుంది కూడా. "రోగం వస్తుంది మేడమ్" అన్నా ధైర్యంగా. "రాదు" అన్నారు.

టొబాకో స్ట్రీక్‌లో జన్యువులు మూడు ముక్కలు, ఏ ముక్క పొట్లం దానిదే. ఆ మూడింటినీ ఒలిచి రుద్దినా పని మొదలవదు. ఒక్కో ఆర్‌ఎన్‌ఏ తోకకు కొన్ని తొడుగు ప్రోటీన్లు అంటుకునుండాలి, లేదా ఆ ప్రోటీన్‌ను తయారుచేసే నాలుగో చిన్న ఆర్‌ఎన్‌ఏ వెంట ఉండాలి. నేను పొట్టు అనుకున్నదే మొలకెత్తించేది కూడా. మార్కులు ఎన్నో పోయాయి, ఆ జవాబు మాత్రం ఇప్పటికీ వదల్లేదు.

ఇంటికెళ్లి నాయనకు ఇదంతా చెప్పా. చివరిదాకా విని, "మందుందా?" అన్నాడు. సోకిన చెట్టుకు లేదన్నా. వైరస్ వయ్యారిభామ పుప్పొడిలో దాక్కుంటుంది, తామర పురుగులు ఆ పుప్పొడిని మోసుకొస్తాయి, అందుకే పూత రాకముందే పీకెయ్యాలి, చేను చుట్టూ నాలుగు సాళ్లు జొన్న వేసుకుంటే మేలు అన్నా.

"జొన్నయితే పశువులకైనా పనికొస్తుంది" అని తువ్వాలు భుజాన వేసుకుని గట్టు మీదికి పోయాడు. వెనకాలే వెళ్లా. వయ్యారిభామ అప్పటికే తెల్లగా పూసి ఉంది.